ఆ పట్టాల దారికి ఒక కాపలా మనిషి కావాలి

మొన్న మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. అర నిమిషం కూడా ఉండదు. మబ్బులో మునిగిన కొండ, నాచు పట్టిన సొరంగం, ఇనుప వంతెన మీద రెండు చేతులూ చాపి నడుస్తున్న ఒకమ్మాయి, కింద ఎర్రగా పొంగుతున్న వాగు. మూతబడ్డ అడవి రైలు దారిలో మాన్సూన్ ట్రెక్ అని పైన పెద్ద అక్షరాలు. దాని వెనకాలే వాడి మెసేజి: "మామా, నువ్వు పోయినానన్నది ఈ రూటే కదా? వచ్చే శనివారం ఆఫీసోళ్ళం పోతన్నాం. స్టేషన్లో పండుకోనిస్తారా, టెంటు మోసుకుపోవాల్నా?"

రూటు అదే. కర్ణాటకలో సకలేశ్‌పుర నుంచి సుబ్రహ్మణ్య రోడ్డు దాకా పడమటి కనుమల్లోంచి దిగే 55 కిలోమీటర్ల లైను. 57 సొరంగాలు, 109 వంతెనలు. కాని అది మూతబడి లేదు. 1996లో మీటరు గేజి రైళ్ళు ఆపి గేజి మార్పిడి, అంటే పట్టాల మధ్య వెడల్పు పెంచే పని, మొదలుపెట్టారు. 2006లో గూడ్సు బళ్ళు, 2007 డిసెంబరులో ప్రయాణికుల రైళ్ళు మళ్ళీ ఎక్కాయి. మధ్యలో ఉన్న ఆ పదేళ్ళ సందులో నడిచిన వాళ్ళలో మేమూ ఉన్నాం. ఇప్పుడు అక్కడ పగలూ రాత్రీ రైళ్ళు తిరుగుతున్నాయి. అయినా వీడియోలో ఆ దారి ఇంకా మూతబడే ఉంది.

ఫోన్ చేసి వద్దన్నాను. విన్నాడు. వినేసి, "అయితే యాడికి పోవాల మామా? నువ్వు మాత్రం చూసినావు గదా" అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. వారం రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.

ఆలోచించగా నాకు తేలింది ఇది. రైలు నడవని అడవి దారులను మనుషులు నడవడానికి తెరవాలి. తెరిచిన దారికి ఒక కాపలా మనిషి ఉండాలి. వానాకాలంలో అతను పొద్దున్నే ముందు నడిచి, బాగుందని చెప్పాకే మిగతావాళ్ళు అడుగు పెట్టాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. రైలు నడవని దారులకు దిక్కూ మొక్కూ లేదు. రైళ్ళు నడిచే దారుల మీద జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు.

ఆ దారిలో ఏముందని

వద్దని చెప్పే ముందు, ఎందుకు వెళ్ళాలనిపిస్తుందో ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా చెప్పే జాగ్రత్తలు కుర్రాళ్ళ చెవికెక్కవు.

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా గదిలో అందరం తెలుగువాళ్ళమే. ఒకడు చీరాల, ఒకడు కడప, నేను గిద్దలూరు. పులిహోర పొట్లాలు, టార్చిలైట్లు, జలగల కోసం గుడ్డలో కట్టిన ఉప్పు తీసుకుని రాత్రి బస్సెక్కాం. అడవిలో ఎక్కే మామూలు కొండదారికీ రైలు దారికీ పెద్ద తేడా ఉంది. కొండదారిలో ఎంతసేపూ కాళ్ళ కిందే చూపు. రైలు కట్ట ఎక్కడా నిటారుగా ఎక్కదు, నిటారుగా దిగదు. ఈ లైనులో మహా అయితే 50 అడుగులకు ఒక అడుగు వాలు. అందుకని మనిషి తలెత్తి నడవగలడు. రైలు కోసం చెక్కిన దారి కాబట్టి మామూలుగా కాలు పెట్టలేని చోటికి, లోయ నడిమధ్యకు, కొండ కడుపులోకి తీసుకుపోతుంది. వానలో ప్రతి మలుపు దగ్గరా ఒక కొత్త జలపాతం. సొరంగం లోపల చెవులు గింగురుమనేంత నీటి చప్పుడు, బయటికి రాగానే ఒక్కసారిగా తెలుపు, ఆ తెలుపులో ముందున్న మనిషి గొడుగు మాత్రం నల్లగా. నడక అంటే ఇష్టమున్న వాళ్ళెవరూ దీన్ని కాదనలేరు. నేనూ కాదనను.

అక్కడే ఇంకొకటి చూశాను. మిగతావాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే నేను ఒక కటింగు దగ్గర ఆగిపోయాను. కొండను కోసిన చోట మట్టి జారకుండా రాతి గోడ కడతారు. ఆ గోడలో వరసగా, పిడికిలి పట్టేంత బెజ్జాలు వదులుతారు, వెనక ఊరిన నీళ్ళు బయటికి పోవడానికి. మేం నడిచిన చోట చాలా బెజ్జాల్లో వేర్లు, మట్టి కూరుకుపోయి ఉన్నాయి. ఒక్కదాంట్లోంచి మాత్రం నీళ్ళు జానెడు దూరం చిమ్ముతున్నాయి. ఆ నీళ్ళు కాఫీ రంగులో ఉన్నాయి. దాని పక్కన గోడ కొంచెం ముందుకు ఉబ్బి, రాళ్ళ మధ్య సున్నం పగిలి, వేలు దూరేంత సందు కనిపిస్తోంది. "ఇక్కడ ఆగొద్దు, పదండి" అని అందరినీ తొందరపెట్టాను. ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు.

నాకు అర్థమైందంటే, మా వీధిలో పట్టాలు కాచి బాగుచేసే ఒక గ్యాంగ్‌మన్ ఉండేవాడు కాబట్టి.

గిద్దలూరు పెదనాయన

ఆయన్ను అందరం పెదనాయన అనే పిలిచేవాళ్ళం. నల్లమల ఘాట్ సెక్షనులో, గిద్దలూరు, దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె మధ్య మీటరు గేజి లైను మీద పని. సదరన్ మరాఠా రైల్వే వాళ్ళు 19వ శతాబ్దం చివర్లో వేసిన దారి అది. బొగద సొరంగం, దొరబావి వంతెన అందులోవే. చిన్నప్పుడు నంద్యాలకు పాసింజర్లో పోతుంటే సొరంగం రాబోతోందని పెద్దవాళ్ళు కిటికీలు దించేవాళ్ళు. మా అమ్మ కొంగు నా ముక్కుకు అడ్డం పెట్టేది. వంతెన మీద బండి నెమ్మదించగానే బోగీ మొత్తం మాటలాపి కిందికి చూసేది.

వానలు మొదలయ్యాయంటే పెదనాయనకు రాత్రి డ్యూటీ. గొంగళి, లాంతరు, చేతికర్ర, సంచిలో పటాసులు. లైను మీద ప్రమాదం కనిపిస్తే పట్టా మీద ఆ పటాసు బిగిస్తారు. ఇంజను చక్రం కింద అది పేలితే డ్రైవరు బండి ఆపుతాడు. ఒక స్టేషన్ వైపు నుంచి ఈయన, రెండో వైపు నుంచి ఇంకొకాయన నడిచొచ్చి మధ్యలో కలుసుకుని, పుస్తకాలు మార్చుకుని తిరిగిపోవాలి. ఆ పుస్తకంలో సంతకం లేదంటే నడవలేదనే లెక్క.

"నీళ్ళు తేటగా కారితే బయం ల్యా. ఎర్రగా కారితే కొండ లోపల కదల్తాంది అని" అనేవాడు. ఆ కాఫీ రంగు నీళ్ళు చూసి నేను హడలిపోవడానికి కారణం ఆ మాటే.

ఆయన కబుర్లలో పట్టాల గురించి తక్కువ, నీళ్ళ గురించి ఎక్కువ ఉండేవి. కటింగు పైన, కొండ మీద ఒక కాలవ ఉంటుంది. పైనుంచి వచ్చే వాననీటిని అది పక్కకు తిప్పి తూములోకి దింపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గ్యాంగు మొత్తం ఎండలో ఆ కాలవలు తవ్వి, రాలిన ఆకు తీసి, తూముల్లో పూడిక ఎత్తేది. ఒక చెట్టు కూలి కాలవకు అడ్డం పడితే చాలు, నీళ్ళు దారి తప్పి కట్ట మీదికి వస్తాయి. కట్ట కిందినుంచి మట్టి కోసుకుపోతుంది. పైన కంకరా పట్టాలూ ఎప్పటిలాగే కనిపిస్తాయి, కింద ఏమీ ఉండదు.

అడవిలో రైలు దారి మనకు రాయీ ఇనుమూ లాగా శాశ్వతంగా కనిపిస్తుంది. నిజానికి ఏటా ఎండాకాలంలో కొందరు మనుషులు పారలు పట్టుకుని చేసే పని మీద అది నిలబడి ఉంటుంది. ఆ పని ఆగిన మొదటి వానాకాలం నుంచే దారి బలహీనపడుతుంది. పైగా చూపులకు బలంగానే ఉంటుంది. మామూలు కాలిబాట పాడైతే పాడైనట్టు కనిపిస్తుంది. రైలు కట్ట అలా కనిపించదు. వదిలేసిన రైలు దారిలో వానాకాలపు నడక మీద నాకున్న మొదటి భయం అదే. పులులు, పాములు, జలగలు ఆ తర్వాత.

రైళ్ళు తిరిగే దారుల సంగతి

2024 జులై చివర్లో ఆ సకలేశ్‌పుర లైనులోనే ఎడకుమేరి, కడగరవళ్ళి స్టేషన్ల మధ్య కట్ట కింది మట్టి జారిపోయి రైళ్ళు రోజుల తరబడి ఆగిపోయాయి. ఎడకుమేరికి సరైన రోడ్డు లేదు. ఇసుక బస్తాల నుంచి యంత్రాల దాకా అన్నీ పట్టాల మీదే చేర్చి, వానలోనే పని చేశారు. ఇంతమంది కాపలా ఉన్న లైను పరిస్థితే అది. వీడియోలో ఆ అమ్మాయి చేతులు చాపి నడుస్తున్నది ఈ లైను మీదే.

రైలొస్తే వినపడదా అంటారు. వానలో, జలపాతం పక్కన, సొరంగంలో వినపడదు. గూడ్సు బండి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు పట్టుకుంటూ గంటకు 30 కిలోమీటర్లకు మించకుండా వస్తుంది. అది నెమ్మదే కదా అనుకుంటాం. వాలులో అంత బరువు బండి మనల్ని చూసిన చోట ఆగలేదు. సొరంగం గోడల్లో నిలబడటానికి గూళ్ళు ఉంటాయి. అవి పనివాళ్ళ కోసం, వాళ్ళకు ఏది ఎక్కడుందో తెలుసు. చీకట్లో తడుముకునే కొత్తవాళ్ళకు తెలియదు. వంతెన మీద పక్కకు తప్పుకునే చోటు అక్కడక్కడే ఉంటుంది, అదీ ఇద్దరు ముగ్గురికి. పదిహేనుమంది గుంపుకు కాదు.

2023 జులైలో గోవాలోని దూధ్‌సాగర్ జలపాతం దగ్గర జరిగింది అందరూ చూశారు. జలపాతం కోసం పట్టాల వెంబడి వచ్చిన వందలాది మందిని పోలీసులు ఆపి కొందరి చేత గుంజీళ్ళు తీయించారు. రైల్వే చట్టం 147వ సెక్షను కింద పట్టాల మీద అక్రమంగా నడిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మన దగ్గరా బొర్రా నుంచి కటికి జలపాతానికి కొత్తవలస, కిరండూల్ లైను పట్టాల వెంబడి నడిచేవాళ్ళు ఉన్నారు. అదీ ఇనుప ఖనిజం బళ్ళు తిరిగే లైనే.

నాకు ఆ గుంజీళ్ళ వీడియో నచ్చలేదు. నవ్వుకోవడానికి అందరూ షేర్ చేశారు గాని, దానివల్ల మారిందేమిటి? శిక్ష పడ్డవాళ్ళు ఇంటికెళ్ళారు. అడవిలో వానలో నడవాలనే కోరిక అలాగే ఉంది, దానికి వేరే దారి ఎవరూ చూపలేదు. మరుసటి శనివారం ఇంకొక గుంపు ఇంకొక కనుమ వెతుక్కుంది.

'మా ప్రాణం మా ఇష్టం' అనే మాట ట్రెక్కింగ్ మిత్రుల దగ్గర చాలాసార్లు విన్నాను. కొండ ఎక్కేటప్పుడైతే ఆ మాటకు కొంత విలువ ఇస్తాను. రైలు పట్టాల మీద ఇవ్వలేను. అక్కడ మన ప్రాణం ఒక్కటే లేదు. ఎదురుగా వస్తున్న లోకోపైలట్ ఉన్నాడు. మనిషి చక్రాల కింద పడటం చూసినవాడు ఆ రాత్రి తర్వాత ఎలా నిద్రపోతాడు? మనం తప్పిపోతే వానలో లాంతరు పట్టుకుని వెతకాల్సింది ఆ పెట్రోలింగు మనిషే. అతను ఆ రాత్రి నడవాల్సిన దారి నడవకపోతే, వెనక వచ్చే రైల్లో వందలమంది ఉంటారు.

అడవికే వదిలేస్తే?

ఇంకొక వాదన ఉంది, దానికి నేను సులువుగా జవాబు చెప్పలేను. రైలు పోయింది కదా, మళ్ళీ మనిషినెందుకు పంపాలి, ఆ చీలికను అడవి పూడ్చుకోనీ అని. రైలు దారులు అడవిలోకి వెళ్ళిందే చాలాచోట్ల అడవిని కొట్టి తేవడానికి. కేరళలో చాలకుడి నుంచి పరంబికుళం అడవిలోకి 1907లో మొదలైన కొచ్చిన్ అటవీ ట్రాంవే అలాంటిదే. టేకు దుంగలు నింపిన బళ్ళు వాలు దిగుతుంటే ఆ బరువే ఖాళీ బళ్ళను పైకి లాగేది. గొప్ప ఏర్పాటు, కాని ఆ ఏర్పాటు అడవిని ఖాళీ చేయడానికి. 1963లో అది మూతపడింది. ఆ అడవి ఇప్పుడు పులుల అభయారణ్యం. అక్కడ ట్రాంవే మిగలకపోవడమే మేలనేవాళ్ళతో నేను వాదించను.

మా నల్లమల సంగతీ అంతే. 1990లలో గేజి మార్చినప్పుడు లైనును కొత్త దారిలోకి మళ్ళించారు. పాత బొగద సొరంగం, దొరబావి వంతెన పక్కకు ఉండిపోయాయి. లోయలోంచి లేచిన ఆ రాతి స్తంభాలు చూస్తే నూటముప్పై ఏళ్ళకు ముందే ఎవరెవరు ఎట్లా కట్టారో అనిపిస్తుంది. ఆ చుట్టుపక్కలంతా చిరుతలు, పులులు తిరిగే చోటు. 2024 జూన్‌లో అక్కడి పచ్చర్ల అనే ఊరి దగ్గర కట్టెల కోసం అడవిలోకి వెళ్ళిన ఒకామె చిరుత దాడిలో చనిపోయింది. పులులు జతకట్టే కాలమని జులై నుంచి సెప్టెంబరు దాకా నల్లమలలోకి సందర్శకులను ఆపేస్తున్నారు. ఆ నిర్ణయం నాకు సబబుగానే ఉంది. నా చిన్ననాటి వంతెనే అయినా సరే, వానాకాలంలో అక్కడికి నన్ను పంపమని అడగను. ఆ మూడు నెలలూ పులులవి.

అయితే మిగతా తొమ్మిది నెలలు? అక్కడే నేను అడవికే వదిలేద్దామనే వాళ్ళతో విడిపోతాను. మనిషి కాలు పెట్టకపోతే ఆ కట్ట నిమ్మళంగా అడవిలో కలిసిపోతుందని అనుకోవడం కరెక్టు కాదు. ఎవరూ చూడని దారిలోకి ముందు వెళ్ళేది వేటగాళ్ళు, దుంగల దొంగలు, ఇనుము అమ్ముకునేవాళ్ళు, ఆ తర్వాత వీడియోలు తీసేవాళ్ళు. రోజూ పదిమంది గైడుతో నడిచే దారిలో ఉచ్చు పెడితే సాయంత్రానికి తెలిసిపోతుంది. నల్లమలలో చెంచులు అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా ఇప్పటికే పని చేస్తున్నారు. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ దారిలో ఏ జంతువు పోయిందో వాళ్ళకంటే తెలిసినవాళ్ళు లేరు. పచ్చర్లలో అటవీ శాఖ పర్యాటక క్యాంపు ఉంది. అక్కడినుంచి అక్టోబరు, ఫిబ్రవరి మధ్య, గైడు వెంట, చిన్న గుంపులుగా, పాత కట్ట మీద కొద్ది దూరం నడిపించడం అసాధ్యమేమీ కాదు.

వాన కావాలంటే

మా మేనల్లుడు అడిగింది అక్టోబరు గురించి కాదు. వాడికి వాన కావాలి. నాకూ వానే కావాలి, ఎండలో ఆ కటింగులు చూడటానికి ఎవరు పోతారు?

సకలేశ్‌పుర ఘాట్ వానలో చూడాలంటే రైల్లో చూడొచ్చు. 2021 జులై నుంచి యశ్వంత్‌పుర, మంగళూరు రైలుకు అద్దాల పైకప్పు విస్టాడోమ్ బోగీలు తగిలించారు. నేనూ ఎక్కాను. బాగుంది. కాని నడకకు అది సమానం అని చెప్పి ఎవరినీ ఒప్పించే ప్రయత్నం చేయను. ఏసీ బోగీలో వాన చప్పుడు ఉండదు, తడి మట్టి వాసన ఉండదు.

అమెరికాలో 1983లో ఒక చట్ట సవరణ చేశారు. రైలు ఆగిపోయిన దారిని ముక్కలుగా అమ్మేయకుండా నడకదారిగా వాడుకోనిచ్చి, ఎప్పుడైనా రైలు మళ్ళీ కావాలంటే తిరిగి తీసుకునే వీలు ఉంచారు. రైల్ బ్యాంకింగ్ అంటారు. స్పెయిన్‌లో 1993 నుంచి పాత రైలు దారులను పచ్చ దారుల పేరుతో నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ బాగుచేస్తున్నారు. ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఏమిటంటే, దారి ఒక్కరోజు కూడా యజమాని లేకుండా ఉండదు. రైల్వే చేయి వదిలిన రోజే ఇంకొక చేయి పట్టుకుంటుంది. కాలవలు తీయడానికి, తూములు చూడటానికి, గోడ ఉబ్బిందని రాయడానికి ఎవరో ఒకరు జీతం మీద ఉంటారు. సకలేశ్‌పుర లైను ఆ పదేళ్ళు అలా ఎవరి చేతిలోనైనా ఉండి ఉంటే, నడిచేవాళ్ళు లెక్కలో ఉండేవాళ్ళు. రైలు తిరిగొచ్చిన రోజున గేటు వేసి ఇక చాలు అని చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. అలా చెప్పినవాళ్ళు లేకే, రైళ్ళు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ దారి ఫోన్లలో మూతబడే తిరుగుతోంది.

మన దేశంలో జనాన్ని అదుపు చేయలేం, పది మందికి తెరిస్తే పదివేల మంది వస్తారనే భయం ఉత్తది కాదు. 2024 జనవరిలో కర్ణాటకలోని కుమారపర్వతం కొండ మీద కిక్కిరిసిన జనం ఫోటోలు చూశాక నాకూ ఇక అన్నీ మూసేయడమే మంచిదనిపించింది. కాని కర్ణాటక అటవీ శాఖ మూసి ఊరుకోలేదు. కొన్నాళ్ళు ఆపి, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, ఒక దారికి రోజుకు 300 మందికి మించకుండా కట్టడి చేసింది. కొండకు చేయగలిగింది రైలు కట్టకు చేయలేకపోవడం ఏముంది? రైలు కట్టకు రెండే కొసలు, పక్కలు లోయలు, కొండలు. గేటు పెట్టడం కొండకంటే సులువు.

నా ఊహలో వానాకాలపు నడకదారి ఇలా ఉంటుంది. పులుల అడవికి బయట, పాత కట్టలో కొద్దిపాటి ముక్క. వంతెనల మీద స్లీపర్ల సందులు మూసేసి, రెండు పక్కలా కడ్డీలు. సొరంగాల్లో అడుగడుగుకూ తెల్ల సున్నం గుర్తులు. ఎండాకాలంలోనే కాలవల పని పూర్తి. తెల్లారగానే ఇద్దరు చెరో కొసనుంచి బయలుదేరి మధ్యలో కలుసుకుని పుస్తకాలు మార్చుకుంటారు. రాత్రి వాన గట్టిగా పడినా, గోడ బెజ్జాల్లో ఎర్ర నీళ్ళు కనిపించినా ఆ రోజుకు గేటు తెరవరు. బెంగళూరు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు అలిగినా సరే, డబ్బు తిరిగిచ్చి పంపేస్తారు. వానాకాలంలో సగం రోజులు మూసే ఉండొచ్చు. తెరిచిన సగం రోజులు చాలు.

దీనికి ఖర్చు అవుతుంది. టిక్కెట్టు డబ్బులతో మొత్తం రాదు, ముఖ్యంగా మొదట్లో. ఆ మిగతా ఖర్చు అటవీ శాఖ పెట్టాలా, రైల్వేనా, పర్యాటక శాఖా అన్నది పెద్ద తగువే అవుతుంది. నాకు అందులో పట్టింపు లేదు, ఎవరైనా సరే ఒకరు పెట్టాలి. రైల్వే భూమి, అటవీ భూమి అని ఫైళ్ళు తిరుగుతున్నంత కాలం కాలవలు పూడుతూనే ఉంటాయి.

పచ్చర్ల వైపు మొదలుపెడితే మొదటి పని గోడలూ బోర్డులూ కాదు. పాత లైను మీద పని చేసిన గ్యాంగ్‌మన్లు, పట్టాల బిగింపులు చూసే కీమన్లు నంద్యాల, గాజులపల్లె, గిద్దలూరు వైపు ఇంకా ఉన్నారు. కటింగుల పైన కాలవలు ఎక్కడ పోతాయో, ఏ తూము ఏ వాగుకు కట్టిందో, ఏ మలుపు దగ్గర కొండ ప్రతి వానాకాలం కదిలేదో కాళ్ళకు తెలిసినవాళ్ళు వాళ్ళే. మా పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన తర్వాత చేరిన కుర్రాళ్ళకు కూడా ఇప్పుడు అరవై దాటాయి. వాళ్ళను ఒక జీపులో కూర్చోబెట్టి, చెంచు గైడును పక్కన పెట్టి, కట్ట పొడుగునా నడిపించి చెప్పిందల్లా రాసుకోవాలి. ఈ అక్టోబరులో వాన తెరిపివ్వగానే ఆ పని చేయొచ్చు.